విశ్వాసమ్మవ్వ గోడ మీద నేను రాసిన మాట

తప్పు నాదే. బొగ్గు నాది, చెయ్యి నాది, రాసిన మాట గూడా నేనే యాడనో ఏరుకొచ్చింది. గోడ మాత్రం విశ్వాసమ్మవ్వది.

నాకు బడి లేదు. సబ్బు కాయితాలు, డోన్ రైలు టేసను బోర్డులు, పత్తికొండ కచేరి గోడకు అంటించే నోటీసులు, ఇవే నా పంతుళ్ళు. ఇట్ల సొంతంగా చదువు నేర్చుకున్నోనికి ఒక జబ్బుంటాది. కొత్త మాట ఒకటి దొరికిందంటే, దాన్ని యాడన్నా రాసిందాకా చేతి దురద పోదు. ఆ శనివారం నాకు దొరికిన మాట కచేరి నోటీసులోది. మాపటేళ అవ్వ కట్టెలకు పోయి ఇంకా రాకముందే, ఆమె కొత్తగా సున్నం కొట్టుకున్న గోడ మీద మూరెడు మూరెడు అక్షరాల్తో రాసినా: "విశ్వాసమ్మగారి న్యాయస్థానము. ఇచ్చట తీర్పు తీర్చబడును."

గేరి గేరంతా నవ్వింది. నవ్వనోళ్ళు ఇద్దరే. ఒకరు మా ప్రార్థన కొట్టంలో ఆరాధన చేయించే ఉపదేశి దావీదురాజయ్య. ఆయనకు చదువొచ్చు, నవ్వు రాదు. రెండో మనిషి విశ్వాసమ్మవ్వ. ఆమెకు నవ్వొచ్చు, చదువు రాదు.

ఆ రాత వల్ల ఆమెకు ఏం పోబోయిందో చెప్తే మీరు నన్ను తిడతారు. తిట్టండి. కానీ ముందు ఆమెను చూడండి.

విశ్వాసమ్మ ఎర్రదొడ్డిలో విత్తనమేసే మనిషి. మా ఎర్రనేలల్లో విత్తేది గొర్రుతో. ముందర ఎద్దులు, ఎద్దుల వెనక మూడు పండ్ల గొర్రు, గొర్రు మీద జడ్డిగమని ఒక కట్టె గిన్నె. గిన్నె అడుగున మూడు బొక్కలు, ఒక్కో బొక్కకు ఒక్కో వెదురు గొట్టం. మగోడు ఎద్దుల్ని తోల్తాడు. ఆడమనిషి గొర్రు వెనకే నడుస్తా, ఒళ్ళోనుంచి పిడికెడు పిడికెడు విత్తనం తీసి గిన్నెలో జారిడుస్తాది. అంతే పని. చెప్పేకి సుళువు. కొర్ర గింజ చూసినారు గదా, ఆవగింజకు తమ్ముడు. చెయ్యి రోంత వదులైతే ఒక సాలులో గుంపుగా మొలుస్తాది, రోంత బిగిస్తే ఇంకో సాలు బోడిగుండు. విశ్వాసమ్మ చేతిలో అట్లాంటిది ముప్పై ఏండ్లలో ఒక్క మారు గూడా జరగలేదు. మూడు గొట్టాలకూ ఒకే లెక్క. ఆమె విత్తిన చేను మొలకెత్తితే దువ్వెనతో దువ్విన తల మాదిరుంటాది.

ఆ చెయ్యి చూసే జనం తగువులు గూడా ఆమె కాడికే తెచ్చేది. ఊళ్ళో రెడ్డి ఉండె, రెడ్డికి అరుగుండె, అరుగు మీద పెద్దమనుషులుండిరి. ఆడికి పోతే ఆకూ వక్కా, అరుపులూ, ఆఖర్న తప్పు కట్టేదీ. విశ్వాసమ్మ కాడ ఇవేవీ లేవు. ఆమెకు కూసొని వినే తీరిక యాడిది? "రోంత నడుద్దాం రాండి" అనేది. అంతే. ఆమె గొర్రు వెనక నడుస్తాంటే తగువాడే వాళ్ళిద్దరూ చెరో పక్క నడవల్ల. పోయే సాలుకు ఒకరు చెప్పల్ల, తిరిగొచ్చే సాలుకు ఇంకొకరు. ఆమె ఎవురి ముఖమూ చూడదు. చూస్తే విత్తనం దారి తప్పుతాది. వింటాది, జారిడుస్తాది, నడుస్తాది.

ఎకరా చేను ఎండలో నాలుగు మార్లు పోయొస్తే ఎంత గొంతున్నోడైనా గాలి సగం దిగుతాది. దిగకుంటే ఇంకో సట్టముండె: సాలు తొక్కినోడు ఓడినట్టే. కోపమొచ్చినోడు నేల చూసుకోడు గదా. చేతులు ఊపుకుంటా అప్పుడే విత్తిన సాలు మీద కాలేస్తాడు. ఆడికి అయిపాయ. ఇంక ఆయప్ప పక్క నూరు సాక్షులున్నా ఆ పొద్దుకు నోరు ముయ్యాల్సిందే.

ఒక మారు ఉరుకుందమ్మా, నాగలక్ష్మమ్మా వచ్చిరి. ఉరుకుందమ్మ కోడి రోజూ పోయి నాగలక్ష్మమ్మ గంపలో గుడ్డు పెట్టొస్తాండాది. గుడ్డెవరిది? ఇద్దరూ ఆరు సాళ్ళు నడిచినారు. కోడి పుట్టుకనుంచి మొదలుపెట్టి ఒకరి పెండ్లిలో ఒకరికి కూర తక్కువేసిన దాకా వచ్చిరి. ఒళ్ళో విత్తనం అయిపోయినాక విశ్వాసమ్మ చీర కొంగు దులుపుకొని అనింది: "గుడ్డు యాడ పెడితే ఆ ఇంటిది. పిల్లలు లేసినాక కోడి ఎనక యాడికి పోతే ఆ ఇంటివి. ఇది కోడికి తెలుసు గానీ మీకు తెల్లేదా?" ఆ దినంనుంచి నాగలక్ష్మమ్మ గుడ్లు తినేసింది, ఉరుకుందమ్మ కోడికి గంప తెచ్చింది. తగువు లేదు.

ఆమె దాన్ని ఎప్పుడూ తీర్పనలేదు. పంచాయితీ అని గూడా అనలేదు. "నడిసినాం" అనేది.

ఆమె మొగుడు లాజరు పెద్ద ప్లేగులో పోయినాడు. ఊరు ఊరంతా గుడిసెలేసుకొని బయట పడుకున్న ఏడది. పోయేముందు ఆయప్ప అన్న మాట ఒకటే: "పక్కన జాగా వదలమని చెప్పు. నువ్వు లేకుంటే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు గదా." ప్రార్థన కొట్టం వెనక మా సంఘం సమాధుల దొడ్డి ఉండాది. లాజరు పక్కన రెండు బారల నేల వదిలించి, దాని మీద చదునురాయి ఒకటి దొర్లించుకొచ్చి పెట్టింది విశ్వాసమ్మ. ఏటేటా క్రిస్మసుకు లాజరు సమాధికి సున్నం కొట్టేటప్పుడు ఆ రాయికీ కొడ్తాది. సచ్చినోనికీ, ఇంకా సావనిదానికీ ఒకే సున్నం. "ఇంత ముందేల అవ్వా?" అని ఎవరన్నా అంటే, "రైల్లో తువ్వాలేసుకుంటారే, అట్ల" అనేది. దేవుని కాడ గానీ మనుషుల కాడ గానీ ఆమె ఇంకేదీ అడిగినట్లు ఎవురూ వినలేదు.

ఇప్పుడు ఆదివారం. ఇది జనాభా లెక్కలోళ్ళు వచ్చి పోయిన ఏడు, ముప్పై ఒకటి. ఆరుద్ర కార్తె సగం పోయినా చుక్క వాన లేదు.

దావీదురాజయ్య మంచోడే. మైదుకూరు పక్కనుంచి వచ్చి ఎనిమిది నెలలు. పాట బాగా పాడతాడు, జొరమొస్తే మందిస్తాడు. ఆయన భయమంతా సంఘాల్ని చూసిపోయే మిషను దొర గురించే. దొర గుర్రం మీద ఎప్పుడొస్తాడో తెలీదు, వచ్చినప్పుడు ఏం చూస్తాడో తెలీదు. ఆ పొద్దు ఆరాధనకు వస్తా వస్తా విశ్వాసమ్మ గోడ చూసినాడు. నిలబడి రెండు మార్లు చదివినాడు. గొడుగు కింద పడిపోయింది.

ఆరాధన అయినాక సంఘం పెద్దల్ని నలుగురినీ ఉండమని, విశ్వాసమ్మను పిలిచినాడు. "ఏమమ్మా, నువ్వు తీర్పు తీరుస్తాండావా?"

విశ్వాసమ్మకు అర్థం కాలేదు. "నేను కొర్రలు విత్తుతాండా అయ్యా. వానొస్తే."

"నీ గోడ మీద ఏముండాదో నీకు తెల్దా?"

"సున్నం."

పెద్దల్లో ఒకాయప్ప నవ్వాపుకోలేక దగ్గినట్లు చేసినాడు. దావీదురాజయ్య రాత చదివి వినిపించి, లోకంలో తీర్పు తీర్చేవాడు పైనుండే ఆయన ఒక్కడేననీ, ఆ మాటే పరలోకం మాటనీ, ఒక విత్తనాలేసే మనిషి దాన్ని గోడకు పూసుకోగూడదనీ చెప్పినాడు.

వాకిలి కాడ తలారి గిడ్డయ్య నిలబడిండె. ఊరి జవాను, ఏ గుంపు కూడినా ఆయప్ప ఉంటాడు. "అయ్యా, తప్పుగా అనుకోవద్దు. అది పరలోకం మాట గాదు, సర్కారు మాట. నవాబుల కాలాన ఫైసలా అనేటోళ్ళు. ఈ తీర్పు తీర్చేదనేది కచేరిలతోపాటే వచ్చె. రాస్తే గీస్తే రెడ్డి గోడ మీద రాయల్ల."

"పరలోకానికి ముందు కచేరి యాడిదయ్యా?"

"అయ్యుండొచ్చు. నేనైతే పరలోకం చూడలేదు. కచేరి చూసినా."

విశ్వాసమ్మ నిలబడి చూస్తాండాది. ఒకాయప్ప ఆ మాటకు ముందు పలుపు పట్టుకున్నాడు, ఇంకొకాయప్ప తోక పట్టుకున్నాడు. ఎద్దు ఎవరిదని ఇద్దరూ లాగుతాండారు. వీళ్ళిద్దరూ ఒక సాలు నడిస్తే బాగుండునని ఆమెకు నోటిదాకా వచ్చి ఆగింది.

ఆఖర్న దావీదురాజయ్య సంఘం పేర్ల పట్టీ తీసి బల్ల మీద పెట్టె. దొర వచ్చి చూసిందాకా విశ్వాసమ్మ ఏ తగువులోనూ ఒక్క మాట పలకగూడదు. పలికితే పట్టీలోనుంచి పేరు పోతాది.

విశ్వాసమ్మ ఒక అడుగు ముందుకేసింది. "అయ్యా, పేరు పోతే నా రాయి?"

"ఏ రాయి?"

"లాజరు పక్కన రాయి."

పెద్దలెవరూ తల ఎత్తలేదు. ఉపదేశి గొంతు గూడా రోంత తగ్గింది. "పట్టీలో పేరు లేనోళ్ళకు దొడ్లో జాగా లేదమ్మా. అది నేను పెట్టిన సట్టం గాదు."

ఆమె కొంగు కప్పుకొని బయటికొచ్చింది. వస్తాంటేనే పడమటి పక్క మబ్బు నల్లగా లేసింది. జామసేపట్లో దంచి కొట్టింది వాన. ఆ వానకు గోడ మీద బొగ్గు కారి కారి, న్యాయస్థానం మురికి కాలవై పాయ. వాన నా రాత కడిగింది గానీ ఉపదేశి హుకుం కడగలేదు.

మాపటికి ఆమె నన్ను పిలిపించింది. నేను పోయేది లేదనుకుంటి, కానీ కాళ్ళు పోయినాయి. ఆమె పొయ్యి కాడ కూసొని జొన్నరొట్టె తడతాండాది. ముఖమెత్తలేదు.

"ఏం రాస్తివిరా?"

"కడుక్కపాయ గదవ్వా."

"నోటితో చెప్పు. నోరు కడుక్కపోలేదు గదా."

"తీర్పు తీర్చబడును."

ఆమె పెదాలు కదిలించి ఒకటికి రెండు మార్లు అనుకుంది. "తీర్చేదంటే?"

నేను గొంతు సవరించుకున్నా. దొరికింది గదా సందు. "పెద్ద మాటవ్వా. పుస్తకాల మాట. కచేరోళ్ళు పెండ్లిబట్టల మాదిరి దాచిపెట్టుకొని, పెద్ద పొద్దుకు బయటికి తీస్తారు..."

రొట్టె పెనం మీద పడింది. విశ్వాసమ్మ నవ్వుతాండాది.

"పెద్ద మాటంట! ఒరే, మా అమ్మ నాకు రోజూ పాపట తీర్చేది. అది కచేరా? రెడ్డోళ్ళ కోడలు తెల్లారి ముగ్గు తీరుస్తాది. అది పరలోకమా? ఎండన పడి వచ్చినోనికి చెంబెడు నీళ్ళిచ్చి దప్పిక తీరుస్తాం. ఉరుకుందమ్మ ఏటా మొక్కు తీర్చుకునేకి కొండకు పోతాది. పిల్ల ఏడిస్తే ఆకలి తీరుస్తాం. పని తీరినోళ్ళకు తీరిక. ఇదంతా యాడిదిరా? మా ఇంట్లోది. పొయ్యి కాడిది."

"మరి కచేరిలోకి ఎట్ల పాయ?"

"ఎట్ల పోతాది, మన వాకిట్లో కోడిని ఎవడన్నా చంకలో పెట్టుకుపోతే పోతాది, అట్ల." రొట్టె తిరగేసి, చేతికంటిన పిండి దులుపుకొని, ఈ మారు నెమ్మదిగా అనింది: "తీరేదంటే అయిపోవల్లరా. కడుపులో మిగలకుండా. నీళ్ళు తాగినాక గూడా దప్పికుంటే దప్పిక తీరినట్లా? కచేరిలో గెలిచొచ్చినోడు, ఓడొచ్చినోడు ఇంటికొచ్చినాక గూడా గొంతులు పట్టుకుంటాండారే. తీరకుండా తీర్పెట్లయితాదప్పా? వాళ్ళు చెప్పేది చెప్పనీ. తీర్చేది వేరే."

నాకు రొట్టె పెట్టింది. తినేకి నోరు రాలేదు. తినినా.

తెల్లారింది. సోమవారం. మా నేల గుణం మీకు చెప్పల్ల. ఎర్రనేల వానను తాగేదీ తొందరే, మరిచిపోయేదీ తొందరే. వానొచ్చిన మరుపొద్దూ ఆ పైపొద్దూ నేలలో తేమ విత్తనానికి సరిపోయేంత ఉంటాది. దాన్ని పదునంటాం. మూడో పొద్దుకు పదును ఆరితే, విత్తనం చీమలకు.

పొద్దు పొడవకముందే విశ్వాసమ్మ వాకిట్లో ఇద్దరు అరుస్తాండారు. ఏసేపు, లేవి. అన్నదమ్ములు. వాళ్ళ నాయన పోయినాక భాగాలు పంచుకున్న తీరు వింటే మీరు నమ్మరు. బూరెద్దు ఏసేపుకు, కర్రెద్దు లేవికి. గొర్రు ఏసేపుకు, జడ్డిగమూ గొట్టాలూ లేవికి. ఎనిమిదెకరాల పొడుగు చేను నడిమికి కోసి, ఎగువ సగం అన్నకు, దిగువ సగం తమ్మునికి. నడుమ మోకాలెత్తు రాళ్ళ గట్టు. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క గింజ విత్తలేరు, కలిసి విత్తాలంటే ఏటా కొట్లాటే.

"అవ్వా, నేను పెద్దోన్ని. ముందు నా చేను."

"పోయినేడు గూడా నీదే ముందు. నా చేనుకొచ్చేతలికి పదునారిపోయి సగం మొలిచె. ఈ మారు నాది."

"మొలవంది నీ ఎద్దు నడక మూలాన."

"నా ఎద్దు నచ్చకుంటే నీ బూరెద్దుకు నువ్వే జతకట్టుకోప్పా!"

విశ్వాసమ్మ వాకిలి తెరిచింది. అదే మాట ఆమె నోట్లో సిద్ధంగా ఉండాది: రోంత నడుద్దాం రాండి. అప్పుడే గేరి మొగదలనుంచి గొడుగు వస్తాండాది. గొడుగు కింద దావీదురాజయ్య, చంకలో సంఘం పట్టీ. అరుపులు ఆయనకూ వినపడినాయి.

విశ్వాసమ్మ గొడుగును చూసింది. తల తిప్పి ప్రార్థన కొట్టం వెనక్కి చూసింది. ఆడ సమాధుల దొడ్డి గోడ, వానకు తడిసి, తెల్లగా. ఒక్క మాట. ఒక్క మాట పలికితే ఆ రాయి రాయే, ఇంక సున్నముండదు.

ఇంట్లోకి పోయి పాత గుడ్డపేలిక తెచ్చుకుంది. ముక్కు కింద పెట్టి, నోటికి అడ్డంగా, వెనక గట్టిగా ముడేసుకుంది. అట్ల గుడ్డ కట్టేది దుమ్ముకు. వానకు తడిసిన నేల మీద దుమ్ము యాడిది? అందరూ చూస్తాండారు. ఆమె ఏసేపు చేతిలోని కొర్రల మూట తీసుకొని ఎడమ పక్క ఒళ్ళో కట్టుకుంది. లేవి మూట తీసుకొని కుడి పక్క కట్టుకుంది. తర్వాత చేను దారి పట్టింది.

"అవ్వా, ఎవరిది ముందు?" అని ఏసేపు.

నడుస్తాండాది.

"చెప్పి పో అవ్వా!" అని లేవి.

నడుస్తాండాది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని, ఎద్దుల్ని తోలుకొని, ఒకరు గొర్రు ఒకరు జడ్డిగం మోసుకొని వెనకాల పడిరి. వాళ్ళ వెనక ఉపదేశి. ఆయన వెనక సగం గేరి.

ఏసేపు చేను ఎగువ కొసకు పోయి నిలబడింది. అన్న ముఖం వెలిగిపాయ, తమ్మునిది మాడిపాయ. "ఓహో, ఇదా సంగతి! నా ఎద్దు విప్పుకొని పోతా" అని లేవి కాడి మీదికి ఒంగినాడు. విశ్వాసమ్మ వాని చెయ్యి పట్టుకొని, నలుసంత నెట్టి, పక్కన నిలబెట్టింది. గుప్పెడు తీసింది. గొర్రు కదిలింది.

మొదటి సాలు ఏసేపు చేను దాటి గట్టు కాడికొచ్చింది. ఏసేపు అలవాటు కొద్దీ ఎద్దుల్ని వెనక్కి తిప్పబోయినాడు. విశ్వాసమ్మ తిరగలేదు. గట్టెక్కి, అవతలికి దిగి, లేవి చేనులో నిలబడి, ఎద్దుల పక్క చూసి గుడ్డ లోపలనుంచి నాలుకతో "ట్చ్ ట్చ్" అనింది.

"పలికింది!" అన్నాడు దావీదురాజయ్య, పట్టీ తెరిచి.

తలారి గిడ్డయ్య తల గోక్కున్నాడు. "అయ్యా, ఎద్దుల్తో అనింది. ఎద్దులకు తగువేమీ లేదు గదా."

ఉపదేశి పట్టీ మూసినాడు.

ఎద్దులు గట్టు దాటినాయి. గొర్రు పండ్లు రాళ్ళలో ఇరుక్కున్నాయి. ఏసేపు ఒక్కడే ఎత్తితే ఒక పక్కే లేసింది. లేవి చేతులు కట్టుకొని నిలబడిండె. విశ్వాసమ్మ కొంగుతో జడ్డిగంలో మిగిలిన ఏసేపు గింజలు తుడిచి ఎడమ ఒళ్ళో ఏసుకుంది. కుడి పక్క మూట ముడి విప్పింది. అది లేవి విత్తనం. గొర్రు ఇంకా గట్టు మీదనే ఉండాది. ఆమె గుప్పెట్లో వాని కొర్రలు, చెయ్యి గాల్లో, గిన్నె మీద ఆగి ఉండాది.

లేవికి అప్పుడర్థమాయ. ఒక్క దూకు దూకి రెండో పక్క పట్టినాడు. ఇద్దరూ కలిసి ఎత్తి గొర్రును అవతల దించినారు. సాలు ఆగకుండా లేవి చేను కొసదాకా పోయింది. ఆడ తిరిగి, ఈ మారు లేవి చేనులో మొదలై, గట్టు దాటి, ఏసేపు చేనులో ముగిసింది. పోయేటప్పుడు అన్నది ముందు, వచ్చేటప్పుడు తమ్మునిది ముందు. ఒకే సాలు, ఒకే పదును. ఎవరిది ముందని అడిగేకి ఇంక ఏమీ మిగల్లేదు.

మిగిలింది గట్టు. పోయేటప్పుడు ఎత్తల్ల, వచ్చేటప్పుడు ఎత్తల్ల. పది సాళ్ళకు అన్నదమ్ములకు నడుములు పట్టుకున్నాయి. ఇరవై సాళ్ళకు తిట్లు మొదలైనాయి. అయితే ఒకరినొకరు గాదు.

"ఈ దిక్కుమాలిన గట్టు ఎవుడు పెట్టినాడురా?"

"నువ్వే కదన్నా. పెట్టకుంటే అన్నం ముట్టనంటివి."

"రాళ్ళు మోసింది?"

"నేనే. నువ్వంటే ఉన్న కోపానికి రెండు రాళ్ళు ఎక్కువే మోసినా."

ఏసేపు గొర్రు దించి నవ్వు మొదలుపెట్టినాడు. ఆ నవ్వు ఆగేకి ఒక సాలు పట్టింది.

మధ్యాన్నానికి దావీదురాజయ్య ఓర్పు సచ్చింది. గొర్రు చప్పుడుకు గుడ్డ చాటున ఆమె ఏమన్నా అంటాందేమో వినపడట్లేదని, గొడుగు మూసి, చెవి ముందుకు పెట్టి, ఆమె పక్కపక్కనే నడవబట్టె. చెవి మీదుండే ధ్యాస కాళ్ళ మీద లేదు.

"అయ్యా! సాలు తొక్కితివి!" అని ఏసేపూ లేవీ ఒకే గొంతుతో అరిచినారు. మూడేండ్లలో అన్నదమ్ములిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

ఉపదేశి ఎగిరి దూకితే పక్క సాలులో పడినాడు. ఆడనుంచి దూకితే ఇంకోదాంట్లో. చెప్పొకటి బురదలో నిలబడిపాయ. గట్టు మీదుండే జనానికందరికీ విశ్వాసమ్మ సట్టం తెలుసు: సాలు తొక్కినోడు ఓడినట్టే. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నవ్వు ఆపుకునేది ఇంకా కష్టమాయ. విశ్వాసమ్మ వెనక్కి తిరగలేదు, చెయ్యి ఆపలేదు. భుజాలు మాత్రం గొర్రు కుదుపుకు మించి ఊగుతాండాయి.

దావీదురాజయ్య చెప్పు పీక్కొని గట్టెక్కినాడు. రోంతసేపు ఆ సాళ్ళను, గట్టు మీద చెమటతో గొర్రెత్తే ఆ ఇద్దర్నీ చూసినాడు. "నవ్వు లెక్కలోకి రాదులే" అని గిడ్డయ్యతో అని, పట్టీ చంకలో పెట్టుకొని గొడుగు తెరిచినాడు.

ఆ మాపటికి అన్నదమ్ములు గడ్డపార తెచ్చినారు. మంగళవారం పొద్దున మిగతా సాళ్ళకు అడ్డమొచ్చే రాళ్ళన్నీ పెరికి చేను కొసన కుప్పేసినారు. మధ్యాన్నానికి ఎనిమిదెకరాలూ విత్తడమాయ. గట్టు యాడుండెనో చూపించమంటే వాళ్ళే చూపించలేరు. విశ్వాసమ్మ కొంగు దులుపుకొని, నోటిగుడ్డ విప్పి, దాంట్లోనే ముఖం తుడుచుకొని, ఒక్క మాట గూడా అనకుండా ఇంటికి పాయ.

దొర ఆ నెల రానే లేదు. ఆయన గుర్రానికి కాలు బెణికిందంట. పట్టీలో విశ్వాసమ్మ పేరు ఎట్లుండేది అట్లే ఉండాది. ఆ పేరు పక్కన చిన్న అక్షరాల్తో ఒక వరస రాసుండాది. ఉపదేశి లేనప్పుడు నేనే చూసినా: "ఒక్క మాటయు పలుకలేదు. నేను సాక్షిని." కొర్రలు మోకాలెత్తు వచ్చినప్పుడు ఒక పొద్దు ఆమె కలుపు తీస్తాంటే దావీదురాజయ్య వచ్చినాడు, పక్కన పెండ్లాము జ్ఞానమణమ్మ. ఇద్దరి ముఖాలూ ఎడమొగం పెడమొగం. "విశ్వాసమ్మా, రోంత నడుద్దామా?" అన్నాడు ఆయన. ఏం నడిచినారో నాకు తెలీదు. ఈ మారు ఆయన కాళ్ళు మాత్రం చూసుకొని నడిచినాడు.

క్రిస్మసుకు ఆమె ఎప్పటి మాదిరే లాజరు సమాధికీ, తన రాయికీ సున్నం కొట్టింది. మిగిలిన సున్నం గోడకు. నేను కుంచె పట్టి సాయం చేసినా. అయినా నా కడుపులో ఆ తప్పు తీరలేదు. అందుకే మూడు నెలలు కూసొని, ఆమె కతంతా, మీరు చదివిందంతా, నోటీసుల ఎనకపక్క కాయితాల మీద రాసినా. రాసి తీసుకపోయి ఆమె పొయ్యి కాడ కూసొని మొదట్నుంచి ఆఖరుదాకా చదివి వినిపించినా. కోడి కాడ నవ్వింది. లాజరు కాడ పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. ఉపదేశి చెప్పు కాడ కొంగు నోటికి పెట్టుకుంది. బాగానే ఉండాదనుకుంటి.

"అవ్వా, తప్పు ఒప్పుకున్నా గదా. ఇంక తీరిందా?"

విశ్వాసమ్మ కాయితాల కట్ట నా చేతిలోనుంచి తీసుకొని, బరువు చూసి, నాకే ఇచ్చింది.

"గోడ మీద నాలుగు మాటలు రాస్తేనే నా నోటికి గుడ్డ కట్టిస్తివి. ఇప్పుడింత రాస్తివి. ఇంక ఉపదేశికి నేనే చెప్తా, లాజరు పక్కన నా రాయెత్తి నిన్నే పండబెట్టమని. లాజరుకు గూడా ఒక మంచి కత దొరుకుతాది, నిద్ర పట్టనీకుండా!"